భూమి తిన్న పంట

విమానాశ్రయం గోడకు దగ్గర్లో సోమయ్యకున్న రెండెకరాలు ఏళ్ల తరబడి పాలకూర, కొత్తిమీర పండించి అలిసిపోయాయి. ఎరువు పెంచినకొద్దీ నేల బిగిసింది. వాన పడితే నీళ్లు ఇంకేవి కావు, మళ్లలో నిలిచి కూరను కుళ్లబెట్టేవి. లారీ పోయినా గీత పడని ఆ నేల మీదే ఆకుకూర పండిస్తానని సోమయ్య పట్టుదల. మొండితనానికి అదొక మర్యాదైన పేరు.

కొడుకు జగదీశ్ క్యాబ్ నడుపుతాడు. బండి ఆపుకునే చోటు దొరక్క డ్రైవర్లు పడే పాట్లు అతనికి తెలుసు. పొలంలో మొరం పోసి చదును చేస్తే పార్కింగుకు కిరాయికి ఇవ్వొచ్చన్నాడు. చివరికి తండ్రీకొడుకులు ఒక మాట అనుకున్నారు. ఈ వానాకాలం కూడా మళ్లలో నీళ్లు నిలిస్తే ఇక మొరమే.

రైతులకు నేలను బాగుచేసుకునే పద్ధతులు నేర్పే ఒక సంస్థ నుంచి అనుపమ వచ్చి జనుము విత్తనాలిచ్చింది. గుంటూరు వైపు అమ్మాయి. మనిషి మంచిదే, మాట మాత్రం పాఠం చెప్పినట్టుంటుంది. జనుము పూత మొదలవగానే దున్ని మట్టిలో కలిపేయాలని, అది కుళ్లి నేలను గుల్ల చేస్తుందని, ఆలస్యమైతే కాడ ముదిరి ఒక పట్టాన కుళ్లదని చెప్పింది. సోమయ్య అన్నిటికీ తలూపాడు. తలూపితే పోయేదేముంది?

జనుము మనిషెత్తు పెరిగి చేనంతా పసుపుపచ్చగా పూసింది. రోడ్డున పోయేవాళ్లు కార్లు ఆపి ఫొటోలు దిగారు. ఆ చేను అంత కళగా ఉండి చాలా ఏళ్లయింది. అనుకున్న రోజున గగన్‌పహాడ్ నుంచి బద్రుద్దీన్ ట్రాక్టర్ తెచ్చాడు. సోమయ్య దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"పూతకొచ్చిన పైరు మీద నాగలెట్ల పెడ్తం భాయ్? కడుపుతోటి ఉన్నట్టే గద."

బద్రుద్దీన్ ఇంజను ఆపి బీడీ ముట్టించాడు. అతనికీ ఆ మాట న్యాయంగానే తోచింది. కబురందుకుని వచ్చిన అనుపమ నత్రజని గురించి, సూక్ష్మజీవుల గురించి వివరించింది. చెప్పినదంతా నిజమే, ఒక్క ముక్కా పనికిరాలేదు. తెలియక కాదు, ఎవరి నోటికీ అందకుండా పైరును తొక్కించడానికి సోమయ్యకు మనసొప్పలేదు. ట్రాక్టర్ వెనక్కి పోయింది.

వారం గడిచింది, కాడలు ముదురుతున్నాయి. దున్ననియ్యకపోతే నేల బాగయ్యేదీ లేదు, కూర వేసేదీ లేదని జగదీశ్ టిప్పర్ వాళ్లతో మాట్లాడుకున్నాడు. సోమయ్య కక్కలేక మింగలేక తిరిగాడు. దున్నితే పాపం, దున్నకపోతే పొలమే ఉండదు.

అతని భార్య రేణుకమ్మ అప్పటిదాకా ఈ గొడవలో తలదూర్చలేదు. ఏ పంటకైనా మొదటి పిడికెడు కోసేది ఆ ఇంట్లో ఆమే. ఒక పొద్దున తలస్నానం చేసి, కొడవలి, కొబ్బరికాయ పట్టుకుని చేలోకి నడిచింది. గట్టు మీద కాయ కొట్టి, పిడికెడు జనుము కోసి, మట్టి మీద పెట్టి మొక్కింది. తర్వాత మొగుడివైపు తిరిగింది.

"కోత షురూ చేసిన. పండినంక ఎవలో ఒకలు తినాలె. ఇన్నేండ్లు మనం తిన్నం, ఈపారి భూమి తింటది. ఇగ ట్రాక్టర్‌ను రమ్మను."

సోమయ్య కండువాతో కళ్లు తుడుచుకుని బద్రుద్దీన్‌కు ఫోన్ చేశాడు. సాయంత్రానికి చేనంతా మట్టిలో కలిసింది. అనుపమ వచ్చి చూసి, ఆలస్యమైన మాట నిజమే గానీ మంచి వానలు పడితే ఫరవాలేదని కొబ్బరి ముక్క నోట్లో వేసుకుంది.

వానలు బాగానే పడ్డాయి. ఒకనాడు తెల్లవార్లూ కుండపోతగా కురిసింది. పొద్దున్నే జగదీశ్ మొరం టిప్పర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. నీళ్లు నిలిచే ఉంటాయని అతనికి అంత నమ్మకం. డ్రైవర్ చేను వంక చూడకుండానే బండిని వెనక్కి దింపాడు. వెనక చక్రాలు ఇరుసుదాకా కూరుకుపోయాయి. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఇంకా దిగాయి.

జగదీశ్ కిందికి దిగితే అతని కాలూ చీలమండ దాకా దిగింది. చేనంతా చూశాడు. ఎక్కడా నీళ్లు నిలవలేదు. గట్టు మీద తండ్రి నిలబడి ఉన్నాడు. టిప్పర్‌ను బయటికి లాగడానికి మళ్లీ బద్రుద్దీన్ ట్రాక్టరే రావాల్సి వచ్చింది.

బండి రోడ్డెక్కాక, మొరం ఎక్కడ పొయ్యాలని డ్రైవర్ అడిగాడు. జగదీశ్ బురద కాలు గడ్డికి తుడుచుకుంటూ చేనికొచ్చే బాట చూపించాడు.

"గా గుంతలల్ల పొయ్యి అన్నా. రేపు కూర కోస్తే ఆటో రావాలె గద."

కొడుకు నోట కూర మాట విని సోమయ్యకు పట్టరాని సంతోషమైంది. పైకి మాత్రం, చక్రాలు తొక్కిన చోట మట్టి అణిగిపోయిందని విసుక్కుంటూ పార అందుకున్నాడు.