వియ్యంకుల కాపలా

వంటింట్లోంచి కాఫీతో బయల్దేరిన నా భార్య సుభాషిణి ఇంకా హాల్లోకి రాలేదు. బయల్దేరింది పొద్దున. ఇప్పుడు మధ్యాహ్నం. కాకినాడలో మా ఇల్లు చిన్నదే, మధ్యలో ఉన్నది ఒక్క గుమ్మం.

ఆ గుమ్మం దగ్గర ఇద్దరు కాపలాదారులు నిలబడి ఉన్నారు. ఇద్దరూ నా కంప్యూటర్‌లోంచి వచ్చినవాళ్ళే. వైరస్‌లను పట్టుకోవడానికి పాతాయన మొదటినుంచీ అందులో ఉన్నాడు. ఒక్కడు చాలడేమోనని మొన్న నేనే కొత్తాయన్ని కూడా ఎక్కించాను. నాకు ముందుజాగ్రత్త ఎక్కువ. వేసిన తాళాన్ని లాగి లాగి చూస్తే గానీ గుమ్మం దిగను.

పాతాయన సుభాషిణిని పరీక్షించి పంపిస్తాడు. పాతాయన చెయ్యి తగిలిన మనిషి కనక కొత్తాయన ఆమెను ఆపుతాడు. కొత్తాయన ముట్టుకున్నాడు కనక పాతాయన వెనక్కి పిలుస్తాడు. ఇద్దరూ మర్యాదస్తులే, ఎవరూ గొంతు పెంచరు. వాళ్ళు ఆపినప్పుడల్లా హాలు ఇంకాస్త పొడుగవుతుంది. నా కుర్చీ వీధి తలుపు వైపు జరుగుతుంది.

ఆపిన ప్రతిసారీ ఆమెలోంచి అనుమానంగా కనిపించిందేదో తీసి, సీసాలో వేసి మూత పెడతారు. మొదట కూనిరాగం పోయింది. తర్వాత మోచేతి మీద నూనె చిందిన మచ్చ. ఇప్పుడు నన్ను చూసి విసుక్కునే చూపు కూడా సీసాలోకి వెళ్ళింది. నాకు భయం వేస్తుంది. ఇలాగే సాగితే నా దాకా వచ్చేసరికి ఆమెలో ఆమె మిగలదు.

కంప్యూటర్లు బాగుచేసే జోసెఫ్‌కి ఫోన్ చేస్తాను.

"ఇద్దరూ ఒకేసారి మేలుకునుంటే అంతేనండి," అంటాడు. "ఒకర్ని పడుకోబెట్టండి. లేదంటే ఆళ్ళిద్దరికీ నమ్మకం కుదర్చండి."

పడుకోమంటే ఇద్దరూ నొచ్చుకుంటారు.

"పోనీ, ఒకర్నొకరు నమ్మొచ్చు కదండీ?" అంటాను.

"ముక్కూ మొహం తెలీని మనిషిని ఎలా నమ్ముతామండీ?" అంటాడు పాతాయన. "చుట్టరికం ఉంటే అది వేరు."

"అవునండి. వియ్యంకుడి సంచీ ఎవరూ వెతకరు," అంటాడు కొత్తాయన.

నాకిది సబబుగానే తోస్తుంది. పాతాయన సుభాషిణిని దత్తత తీసుకుంటాడు, కొత్తాయన నన్ను. మా ఇద్దరికీ మళ్ళీ పెళ్ళి చేస్తే వాళ్ళు వియ్యంకులవుతారు.

పీటలు వేస్తారు. గుమ్మానికున్న కర్టెన్ విప్పి, చెరో కొసా పట్టుకుని మా మధ్య అడ్డుతెర కడతారు. తెర కింద ఆమె కాలివేళ్ళు కనిపిస్తాయి. ఆమె ఇంత దగ్గరికి వచ్చినందుకు నాకు ఏడుపొస్తుంది. తెర మీదుగా చెయ్యి చాచి జీలకర్ర బెల్లం ఆమె నెత్తిన పెడతాను. ఆమె చెయ్యి నా నెత్తిని వెతుక్కుంటుంది.

"మా అమ్మాయిని పూర్తిగా శుభ్రం చేశాం, బావగారూ," అంటాడు పాతాయన.

"మీరు చూశాక మేం మళ్ళీ చూడాలా, బావగారూ!" అంటాడు కొత్తాయన.

హాలు మామూలు పొడుగుకి వస్తుంది. గొడవ తీరిపోయింది. తెర దించుతారు.

కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది సుభాషిణి ముఖం. బస్సులో పక్క సీటు మనిషిని చూసినట్టు నన్ను మర్యాదగా చూస్తుంది.

"మీ పేరేంటండీ?" అంటుంది.

"గవర్రాజు," అంటాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు నా పేరు చెప్పుకోవలసి రావడం ఇదే మొదలు.

నా పేరు నోట్లోంచి దిగి, తెల్ల లాల్చీ సర్దుకుని, ఆమె వైపు నడుస్తుంది. వియ్యంకులిద్దరూ కలిసి దాన్ని ఆపుతారు. అది చేతులు పైకెత్తి నిలబడుతుంది. కుడి జేబు ఒకాయన, ఎడమ జేబు ఒకాయన, చక్కగా పంచుకుని తిరగేస్తారు. జేబుల్లోంచి ఆమె నన్ను పిలిచిన "ఏవండీ"లు గుప్పెళ్ళకొద్దీ వస్తున్నాయి, ఇంకా తడిగా, చిన్న చేపల్లా కొట్టుకుంటూ. ఒక్కొక్కదాన్నీ తోక పట్టి వెలుతురులో చూస్తున్నారు. అవి ఎవరివో అన్నట్టు సుభాషిణి మెడ చాచి చూస్తోంది.