నీళ్ల పరీక్ష

బావి చూడగానే నాకు ఒళ్లు మండింది.

పుంగనూరు దాటాక, చెంగమ్మ వాళ్ల మామిడితోపు పక్కన ఉండే రాతికట్టు బావి అది. రెండేళ్లుగా మేము కుప్పం నుంచి బస్సెక్కి వచ్చేది ఆ బావి మెట్లకు అంటుకుని పెరిగే ఒక ప్రాణి కోసం. ఇప్పుడు ఆ మెట్లను ఎవరో కసిగా తోమేశారు. బ్లీచింగ్ పౌడర్ వాసన ముక్కు పగిలేలా కొడుతోంది.

ఆ ప్రాణిని చూసి ఎవరూ ప్రాణి అనుకోరు. పచ్చగా, మెత్తగా, రాతికి పట్టిన పాచిలా ఉంటుంది. పుస్తకాల్లో మంచినీటి స్పంజిక అంటారు. దానికి కడుపు లేదు, నరాలు లేవు. అయినా దాని ఒంట్లో నీళ్లను తోడే కణాలు వేరు, తిండిని అరిగించే కణాలు వేరు, ముళ్లు కట్టే కణాలు వేరు. కడుపూ నరాలూ పుట్టకముందే కణాలు ఇలా పనులు ఎట్లా పంచుకున్నాయన్నది నా పీహెచ్‌డీ. చుట్టుపక్కల ముప్పై బావులు తిరిగితే ఈ ఒక్కదాంట్లోనే దొరికింది. వెతికిపెట్టింది అయాజ్. పుంగనూరు వాడు, ల్యాబ్‌లో నాకంటే ఒక ఏడాది జూనియర్. ఆ రోజు చివరి నమూనా తీసుకుంటే నా థీసిస్ ఒక కొలిక్కి వచ్చేది.

చెంగమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఎప్పుడూ లేనంత హుషారుగా ఉంది. నలుగురు మనుషుల్ని పెట్టి రెండు రోజులు పని చేయించిందట. మోటరు వేసి నీళ్లు తోడించి, కొడవళ్లతో పాచి గీకించి, పౌడర్ చల్లించిందట. కొత్తగా ఊరిన నీళ్లు చూపించి నన్నడిగింది.

“ఇప్పుడు పరీక్ష సేయమ్మా సంద్రికా. ఈసారన్నా పాసయితాదేమో సూడు.”

ఆ ‘పరీక్ష’ ఆమె మాట కాదు, నాది.

మొదటిసారి వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు చెబుదామన్నాడు అయాజ్. నేనే కసురుకున్నాను. తాగే నీళ్లలో జంతువుందని చెబితే ఆమె మళ్లీ ఆ నీళ్లు ముడుతుందా, అనవసరంగా ఎందుకు భయపెట్టడం అన్నాను. నీళ్ల పరీక్షకు వచ్చామని చెప్పేశాను. చెంగమ్మ తలూపి మజ్జిగ ఇచ్చింది. ఒక్క ముక్కతో పని జరిగిపోయిందని నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ తర్వాత మూడు నెలలకోసారి వచ్చాం. చేతులకు తొడుగులు వేసుకుని, ఆ పచ్చదనాన్ని గీకి సీసాల్లో పెట్టి, ఐస్ పెట్టెలో దాచుకుని పోయాం. పరీక్ష ఏమైందని ఆమె రెండుసార్లు అడిగింది. ఇంకా చూస్తున్నామన్నాను. రెండేళ్లపాటు ఫలితం చెప్పని డాక్టరును చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుందో నాకు తట్టలేదు.

ఉన్నట్టుండి బావి ఎందుకు కడిగించావని అయాజ్ అడిగాడు. చెంగమ్మ మెట్టు మీద కూర్చుని చెప్పింది. ఆమె కోడలు రూప మదనపల్లె అమ్మాయి. పెళ్లయి వచ్చిన కొత్తలోనే క్యాన్ నీళ్లు తెప్పించమందట. మూడు తరాలు తాగిన నీళ్లకు ఏమొచ్చిందని చెంగమ్మ ఒప్పుకోలేదట. మేము సీసాలు పట్టుకుని తిరగడం చూసి, కడుపుతో ఉన్నప్పుడు రూప మళ్లీ అడిగిందట. అప్పుడూ కాదందట. పోయినేడు ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. కారణం తెలియదన్నారట ఆసుపత్రిలో. రూప పుట్టింటికి పోతూ పోతూ, నా బిడ్డను నీ బావి మింగిందని అత్తను నలుగురిలో అనేసి పోయిందట. మళ్లీ రాలేదు. కొడుకు ప్రవీణ్ ఆదివారాలు మదనపల్లెకు పోయి వస్తుంటాడు. బావి బాగుపడిందని కాగితం చూపిస్తే కోడలు వస్తుందని చెంగమ్మ ఆశ.

“వద్దు వద్దంటాంటే నేనే తాపించినానమ్మా,” అంది. “ఈ సేతుల్తోనే సెంబు అందించినా.”



ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చి నిలబడింది. పాసయింది అంటే చాలు. కోడలు ఇంటికొస్తుంది, నా పరువు దక్కుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. అయాజ్ బావిని వదిలేసి నన్నే చూస్తున్నాడు. కానీ ఇప్పుడు పాసయిందంటే అప్పుడు ఫెయిలయినట్టే. చెడ్డ నీళ్లు తాపించి మనవణ్ణి చంపుకున్నానని చెంగమ్మ బతికినన్నాళ్లూ అనుకుంటుంది. ఆ మాట నేను అనలేకపోయాను.

చెప్పేశాను. మేము వచ్చింది నీళ్ల కోసం కాదని, ఆమె గీకించి పారేయించిన ఆ పాచి కోసమని. దాన్ని ల్యాబ్‌లో బతికించుకోవడానికి మొదటి నెలలోనే ఒక్కసారి ఆ నీళ్లను నిజంగానే పరీక్ష చేయించామని. ఉప్పు, ఫ్లోరైడ్, క్రిములు, ఏ లెక్కలోనూ దోషం లేదని. ఆ కాగితం రెండేళ్లుగా నా ఫైల్లోనే ఉందని. చెప్తూ చెప్తూ ఏడ్చాను. ఏడవడానికి నాకేం హక్కుందని లోపల తిట్టుకుంటూనే ఏడ్చాను.

చెంగమ్మ మెట్టు మీంచి లేచి కొంగు దులుపుకుంది. బావి వైపు చూడలేదు.

“నాకు సెప్పి ఏం లాభం,” అంది. “పా, రూపకు సెప్పు.”

ముగ్గురం మదనపల్లె బస్సెక్కాం. దారిలో ఒకసారి, ఇక నా థీసిస్ గతేమిటని బుర్రలో మెదిలింది. వెంటనే సిగ్గేసింది. చెంగమ్మ ముందు సీట్లో కూర్చుని ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

రూప వాళ్ల ఇల్లు టమోటా మార్కెట్ వెనక సందులో ఉంది. అత్తను చూసి ఆమె లేచి నిలబడింది. చెంగమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. నేను నిలబడే మొత్తం చెప్పాను. కాగితాల్లేకుండా నేను ఎక్కడికీ పోను కాబట్టి ఆ కాగితం సంచీలోనే ఉంది. తీసిచ్చాను. రూప డిగ్రీ చదివింది. ప్రతి వరుసా వేలు పెట్టి చదివి, పైనున్న తేదీ దగ్గర ఆగింది.

“నాకు కడుపు రాకముందుది,” అంది.

అవునన్నాను.

“అప్పుటినుంచీ నీ దగ్గిరే ఉండాదా?”

ఉందన్నాను. క్షమించమని అడగాలని వచ్చాను. ఆమె ముఖం చూశాక అడగలేదు. రూప కాగితం మడిచి, గడప దగ్గరున్న అత్తను చూసింది. మళ్లీ నా వైపు తిరిగింది.

“నలుగురిలో అన్నా మా అత్తను. నా బిడ్డను నీ బావి మింగిందని అన్నా. ఆ మాట ఇప్పుడు యాడ పెట్టుకోవల్ల నేను?”

అడిగింది నన్నే. గొంతులో కోపం కూడా లేదు. తప్పు నాది, మాట పడింది చెంగమ్మ, ఇక మోయాల్సింది ఈ పిల్ల.

చెంగమ్మ లోపలికి వచ్చి కోడలి భుజం పట్టి చాప మీద కూర్చోబెట్టి, తానూ పక్కనే కూర్చుంది. రూప అత్త ఒడిలో ముఖం పెట్టుకుంది. రూప తల్లి అయాజ్‌కు కుర్చీ వేసింది.

నన్ను ఎవరూ కూర్చోమనలేదు.