ఆరో బెజ్జం

నేను ఒక జీనుపట్టీని. గుర్రం వీపు మీద జీను వేశాక అది జారకుండా పొట్ట కిందుగా తెచ్చి బిగిస్తారే, ఆ తోలు పట్టీని. గుర్రాలను సాకే సైసులు నన్ను తంగు అంటారు. మీరు ఏమీ అనరు, అసలు నన్ను చూస్తే కదా! గుర్రమెక్కి ఫొటో దిగితే మీ బూట్లు పడతాయి, టోపీ పడుతుంది, పళ్లు ముప్పై రెండూ పడతాయి. మిమ్మల్ని మోసే పొట్ట, ఆ పొట్టను పట్టుకున్న నేను నీడలో ఉండిపోతాం. ఇప్పుడు రెండు ముక్కలై గుర్రాల సాల వెనక పెంటకుప్ప పక్కన పడి ఉన్నాను. కావలసినంత తీరిక. నాజూకు మాటలు నాకు రావు, తోలును. వింటే వినండి, లేకపోతే పొండి.

నేను తయారైంది చేవెళ్ల దగ్గర మైసయ్య చేతుల్లో. అంతకుముందు బర్రెనట, ఆ సంగతి గుర్తు లేదు. తంగేడు చెక్క నానేసిన తొట్టిలో నెల రోజులు మునిగి ఉన్నది గుర్తుంది, ఆ వగరు వాసన గుర్తుంది. మైసయ్య నన్ను ఆరబెట్టి, ఆముదం పట్టించి, మోకాలి మీద వేసుకుని రుద్ది రుద్ది మెత్తబరిచాడు. ఒక కొసకు ఇత్తడి బకిల్ కుట్టాడు. రెండో కొసకు ఆరెతో ఐదు బెజ్జాలు పొడిచాడు.

కొనడానికి వచ్చిన ఖాజా మియా నన్ను తిప్పి చూసి నవ్వాడు. "ఐదెందుకు మైసయ్యా? నా గుర్రానికి రెండు చాలు."

"గుర్రం ఒక్క తీరుగ ఉంటదా మియా? వానకాలం గడ్డి దిని ఉబ్బుతది, ఎండలకు జర తగ్గుతది. ఐదు సాలు. ఐదు గూడ దాటి లోపటికి పోయిందనుకో, గది గుర్రం తప్పు గాదు, సాకినోని తప్పు."

ఆ మాట నాలో ఇంకిపోయింది. ఆముదం కంటే లోతుగా ఇంకింది.

ఖాజా మియాకు నూరీ అనే తెల్ల గుర్రం ఉండేది. పొట్టిది, గుండ్రటిది. పెళ్లి ఊరేగింపులే దాని పని. చుట్టూ బ్యాండు, టపాకాయలు, తాగి ఎగిరే బావమరుదులు, పైన వణుకుతూ జూలు పట్టుకున్న పెళ్లికొడుకు. ఆరేళ్లు ఇదే. ఎన్ని మోతలు మోగినా నూరీ చెవి కదిలించేది కాదు. నేను రెండో బెజ్జం దగ్గర హాయిగా ఉండేదాన్ని. ఇంటికి రాగానే ఖాజా మియా తాను నీళ్లు తాగకముందే నన్ను విప్పేవాడు.

నూరీకి ఒక అల్లరి ఉండేది. నన్ను బిగించబోతే చాలు, గుండెల నిండా గాలి పీల్చి పొట్ట ఉబ్బించేది. సైసు పట్టీ బిగించి అటు తిరగ్గానే గాలి వదిలేసేది. నేను వదులైపోయేదాన్ని. చాలా గుర్రాలు చేసే మోసమే ఇది, తెలిసిన సైసులు నాలుగడుగులు నడిపించి మళ్లీ బిగిస్తారు. మాట రాని జీవికి ఉన్న ఒకే ఒక్క మోసం! నాకు చెడ్డ ముద్దుగా ఉండేది.

తర్వాత ఖాజా మియా మోకాళ్లు పోయాయి. పెళ్లికొడుకులు మోటారు సైకిళ్ల మీద రావడం మొదలుపెట్టారు. నగరం బయట చెరువు పక్కన వెలిసిన రైడింగ్ క్లబ్బుకు నూరీని ఇచ్చేశాడు, జీనుతో, నాతో సహా. "చిన్నపిల్లలే ఎక్కుతారు" అని క్లబ్బు మేనేజరు కిరీటి మాటిచ్చాడు. మాటిచ్చిన వారానికే నూరీ పేరు పీకేసి ప్రిన్సెస్ అని పెట్టాడు. పేరు పెంచితే మేత పెంచినట్టే అనుకుంటారు ఇలాంటివాళ్లు.

నూరీ అక్కడ జంగమ్మ చేతికి వచ్చింది. జంగమ్మ మగడు ఆ క్లబ్బులోనే సైసు. అతడు పోయాక ఆ పని ఈమె చేపట్టింది. తక్కిన నలుగురు సైసులూ మొదట్లో నవ్వారు, తర్వాత గుర్రాలకు కడుపునొప్పి వస్తే ఈమెనే పిలిచారు. ఆమె ఎవరేమనుకున్నా నూరీనే అనేది. తెల్లారే వచ్చి, మాలీసు చేసి, జీను వేసి, నన్ను అందుకునేది. నూరీ పొట్ట ఉబ్బించేది.

"ఊదినవా? ఊదు బిడ్డా, ఊదు. నీ తెలివి నీది, నా తెలివి నాది" అని నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడేది. మోసపోయినట్టు కాసేపు నటించేది. ఆ కాసేపూ నూరీ ముఖంలో గర్వం చూడాలి! తర్వాత నాలుగడుగులు నడిపించి మెల్లగా బిగించేది.

అంతా బాగానే ఉంది, శ్రీహర్ష గారికి వ్యాయామం గుర్తొచ్చేదాకా.

శ్రీహర్ష గారు స్థలాల వ్యాపారి. నూట పద్నాలుగు కిలోలు. ఈ అంకె నేను కల్పించింది కాదు, ఆయనే రోజూ ఫోనులో మిత్రబృందానికి పంపి, అందరికీ వినబడేలా చదివేవాడు. వంద రోజులు గుర్రపు స్వారీ చేసి బెల్టు మూడు బెజ్జాలు లోపలికి తెస్తానని స్నేహితులతో పందెం కాశాడు. మొదటి రోజు పెద్ద గుర్రమెక్కబోయాడు. అది చెవులు వెనక్కి పెట్టింది, ఆయన కాలు వెనక్కి పెట్టాడు. చివరికి ఎవరిని చూపించాడు? పెళ్లి బ్యాండుకే బెదరని నూరీని. నెమ్మదిగా ఉండడమే దాని నేరమైంది. లోకమంతా ఇంతే, తన్నేవాళ్ల జోలికి ఎవడూ పోడు.

జంగమ్మ మేనేజరు దగ్గరికి వెళ్లింది. "సారూ, మొన్న టీకాకు వచ్చిన డాక్టరు చెప్పిండు. గుర్రం బరువుల అయిదో వంతు కన్న ఎక్కువ దాని మీద ఎయ్యద్దట. నూరీ మూడు వందల నలభై. అంటే అరవై ఎనిమిది. గా సారు నూట పద్నాలుగు."

"మెంబరు బరువు అడుగుతావా నువ్వు?" అన్నాడు కిరీటి. "ఆయన ప్రిన్సెసే కావాలంటున్నారు. జీను వెయ్యి."

వేసింది. ఏం చేస్తుంది?

ఆయన ఎక్కిన మొదటి ఉదయం నూరీ ఎముకలు చేసిన చప్పుడు నేను విన్నాను. పొట్టకు ఆనుకుని ఉంటాను కదా, నాకు వినపడకుండా ఏదీ జరగదు. ముప్పయ్యో రోజుకు మూడో బెజ్జానికి వచ్చాను. యాభయ్యో రోజుకు నాలుగు. ఆయన చెరువు చుట్టూ రెండు చుట్లు తిరిగి, స్నేహితులతో ఇడ్లీ, వడ, నెయ్యి కారం దోసె తిని, బెల్టు పట్టుకుని "ఒక బెజ్జం తగ్గింది మామా!" అని అరిచేవాడు. చప్పట్లు. నేను డెబ్బయ్యో రోజుకు ఐదో బెజ్జం చేరాను. నాకెవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆయన చెడ్డవాడని చెబితే పని సులువయ్యేది. ఆయన నూరీకి క్యారెట్టు పెట్టేవాడు. ఆయనకు కాజూ అని ఒక కుక్క ఉంది, జూలున్న చలిదేశపు కుక్క. అది ఏ పాపం ఎరగదు, వచ్చి నూరీ కాళ్లు వాసన చూసి తోక ఊపేది. ఒకరోజు కాజూ కుంటింది, పాదంలో చిన్న ముల్లు. శ్రీహర్ష గారు "అయ్యో నా తండ్రీ" అని దాన్ని రెండు చేతుల్లో ఎత్తుకుని కారు దగ్గరికి పరుగెత్తాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆ ఉదయమే నా కింద, నూరీ ముందుకాలి వెనక, చర్మం చిట్లింది. ఆయన కాలికి జానెడు దూరం. ఆయన చూడలేదు.

ఆ పుండు పెట్టింది నేనే. ఇది చెప్పకుండా దాటేస్తే నేనూ మీలాంటిదాన్నే అవుతాను. ఆయన బరువుకు జీను అటూ ఇటూ ఒరుగుతుంటే, అడుగడుగునా నూరీని ఒరుసుకున్నది నేను. తెల్ల వెంట్రుకలు ఊడి, ఎర్రటి కండ తేలి, చెమట ఉప్పు అందులోకి దిగితే నూరీ వణికేది. జంగమ్మ పసుపు, వేపనూనె కలిపి పూసింది. తన పాత చీర చింపి నాకు చుట్టింది. "పది రోజులు ఇడిసిపెట్టున్రి సారూ, మానుతది" అని కిరీటి ముందు నిలబడింది.

"వంద రోజుల పందెం జంగమ్మా! మధ్యలో ఆపితే పోతుంది. ఇంకెంత, ఇరవై రోజులే."

నూరీ మేత ముట్టడం మానేసింది. ఉడికించిన ఉలవలు ముక్కు ముందు పెట్టినా తల తిప్పుకునేది. ఎనభై ఐదో రోజున నేను ఐదో బెజ్జం దగ్గర కూడా వదులైపోయాను. జీను జారింది. కిరీటి నన్ను లాక్కుని, మేకు ఎర్రగా కాల్చి ఆరో బెజ్జం పొడిచాడు. నా తోలు కాలిన కంపు సాల అంతా నిండింది. మైసయ్య మాట అప్పుడు నాలోంచి పొగలా లేచింది. వినేవాడేడీ?

తొంభై ఆరో రోజు. జంగమ్మ జీను వేసి నన్ను అందుకుంది. అలవాటుగా ఆగింది. నూరీ పొట్ట ఉబ్బించలేదు.

"ఊదు బిడ్డా" అంది జంగమ్మ.

నూరీ నేల చూస్తోంది.

"ఊదవే! ఊదుమంటున్న గదా. నేనేమన్న అన్ననా నిన్ను? ఊదు." పక్కటెముకల మీద చెయ్యి పెట్టి నిలబడింది చాలాసేపు. ఎముకలు వేళ్లకు ఒక్కొక్కటే తగులుతున్నాయి. మాట రాని జీవి తన ఒకే ఒక్క మోసాన్ని కూడా మానుకుంది. జంగమ్మ ఏడవలేదు. ఆమె పళ్లు నూరిన చప్పుడు మాత్రం నాకు వినపడింది.

వందో రోజు ఉదయం ఎండ ఎక్కకముందే పచ్చికలో బల్లలు వేశారు. కేకు. పూలదండ. దండ ఎవరికనుకున్నారు? శ్రీహర్ష గారి పాత బెల్టుకు! దాన్ని అద్దాల పటంలో పెట్టి దండ వేశారు. ఆయన నూరీ మీద చివరి రెండు చుట్లు తిరిగి దిగాడు. పొట్ట లోపలికి పీల్చి కొత్త బెజ్జం చూపించాడు. "నూట పద్నాలుగు నుంచి నూట మూడు! మూడు బెజ్జాలు!" స్నేహితులు ఈలలు వేశారు. కాజూ మొరిగింది.

జంగమ్మ నూరీ మీంచి నన్ను విప్పి, చేతిలో పట్టుకుని నేరుగా ఆ బల్ల దగ్గరికి నడిచింది. కేకు పక్కన నన్ను పరిచింది. నా మీద చెమట, నెత్తురు ఇంకా ఆరలేదు.

"సారూ, మీ బెల్టు మూడు బొక్కలు లోపటికొచ్చింది. మా నూరీది నాలుగొచ్చింది. రెండో దాని కాడ ఉండె. గిదిగో, మూడు, నాలుగు, అయిదు. గీ ఆరోది కాల్చి పొడిసిన్రు. పందెం అదే గెల్సింది. దానిక్కూడ కొట్టున్రి సప్పట్లు!"

ఇప్పుడు సిగ్గుపడతారని నేను అనుకున్నాను. ఇన్నేళ్లు మనుషుల కింద బతికి కూడా అనుకున్నాను చూడండి!

కొట్టారు. చప్పట్లు కొట్టారు! "వావ్! ప్రిన్సెస్ కూడా ఫిట్ అయిపోయిందిరా!" అన్నాడొకడు. ఒకామె ఫోను తీసి నన్ను ఫొటో తీసింది, నెత్తురు మరక పడకుండా కేకు వైపు జరిపి. శ్రీహర్ష గారు జంగమ్మ భుజం తట్టాడు. "థాంక్యూ జంగమ్మా. ప్రిన్సెస్ లేకపోతే నేను లేను."

జంగమ్మ వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసింది. నన్ను తీసుకుని సాలకు వచ్చింది. గిట్టలు చెక్కే కత్తి అందుకుంది. నన్ను మొద్దు మీద పెట్టి, నడిమికి, ఒక్క దెబ్బకు కోసేసింది.

నాకు నొప్పి పుట్టిందా అని అడగకండి. నా జన్మలో ఎవరైనా నాకు చేసిన మంచి పని అదొక్కటే. క్లబ్బులో ఉన్న తక్కిన పట్టీలన్నీ పెద్ద గుర్రాలవి, చిక్కిపోయిన నూరీకి రెండు చుట్లు తిరుగుతాయి. దాని కొలతకు కొత్తది కాన్పూరు నుంచి రావాలి, మూడు వారాలు. ఆ సంగతి జంగమ్మకు తెలుసు. పుండు మానడానికి పది రోజులు అడిగితే ఇవ్వలేదు, ఇరవై ఒకటి తానే కోసి తీసుకుంది.

"ఎవరు కోశారు దీన్ని?" కిరీటి వచ్చి అరిచాడు.

"నేనే కోసిన."

"రేపట్నుంచి పనికి రాకు."

తక్కిన నలుగురు సైసులూ చేతుల్లో బకెట్లు కింద పెట్టారు. జంగమ్మ వాళ్లమీద విరుచుకుపడింది. "నీళ్లు ఆపుతారురా? అవి ఏం పాపం చేసినయి? నీళ్లు పెట్టున్రి, మేత పెట్టున్రి, మాలీసు చెయ్యిన్రి. జీన్లు ఆపున్రి!"

ఆపారు. మర్నాడు పొద్దున్నే మెంబర్లంతా బూట్లు తొడుక్కుని వచ్చారు. గుర్రాలు కడిగి, మేపి, మెరుస్తూ నిలబడి ఉన్నాయి. జీను వేసేవాడు లేడు. శ్రీహర్ష గారూ వచ్చాడు. వంద రోజులు గుర్రమెక్కిన మనిషికి జీను ఎటువైపు నుంచి వెయ్యాలో తెలియదు! వెనకా ముందూ తిప్పి చూసి, దించేసి, ఇడ్లీ తినడానికి వెళ్లాడు. రెండో రోజూ అదే. మూడో రోజు కిరీటి దిగి వచ్చాడు. జంగమ్మ మళ్లీ పనిలోకి వచ్చింది, నూరీ మీద ఇక పిల్లలు తప్ప ఎవరూ ఎక్కరు, దాణా తూచే కాటాను తెచ్చి గుర్రమెక్కే అరుగు పక్కన పెట్టారు. ముందు కాటా ఎక్కాలి, తర్వాతే గుర్రం. శ్రీహర్ష గారు కాటాను చూసి "ఇది అవమానం" అని కాజూను తీసుకుని వెళ్లిపోయాడు. కాజూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

గెలిచామని డప్పు కొట్టను. ఆదివారం పెద్దమనుషులు వచ్చే రోజున కిరీటి ఆ కాటా మీద గోనెపట్టా కప్పుతున్నాడు. జంగమ్మ వచ్చి తీసేస్తోంది. మళ్లీ కప్పుతున్నాడు. మళ్లీ తీస్తోంది. ఆ బెల్టు పటం ఇంకా హాలులో గోడకు ఉంది, దండ మార్చుతున్నారట. నేను ఇక్కడ, లద్దె వాసనలో. నాకేం చింత లేదు. నా ముక్కలు పడ్డచోటు నుంచి, సాల గోడకున్న పగులులోంచి నూరీ కనపడుతుంది.

ఇవాళ పొద్దున కొత్త పట్టీ వచ్చింది. మెరుస్తోంది, ఫ్యాక్టరీలో పొడిచిన తొమ్మిది బెజ్జాలు. తొమ్మిది! జంగమ్మ వాటిని లెక్కపెట్టి ఉమ్మేసింది. నూరీ పుండు మానింది, దాని మీద కొత్త వెంట్రుకలు మొలుస్తున్నాయి. జంగమ్మ జీను వేసింది. కొత్త పట్టీని పొట్ట కిందుగా తెచ్చింది. బిగించబోయి ఆగింది. నేనూ ఊపిరి బిగబట్టాను, తోలుకు ఊపిరేమిటని నవ్వుకోండి, పరవాలేదు.

నూరీ చెవులు ముందుకొచ్చాయి. ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. గుండెల నిండా గాలి పీల్చి, పొట్టను ఇంత, ఇదిగో ఇంత ఉబ్బించి, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

జంగమ్మ పట్టీ పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఊదు బిడ్డా" అంది. "ఇంక ఊదు."