స్కినర్ పార్కు తెల్లబడిన మధ్యాహ్నం

స్కినర్ పార్కు మొత్తం తెల్లబడిపోయింది. కింద గడ్డి నుంచి పైమెట్ల దాకా ప్రతి చేతిలోనూ ఒక టాయిలెట్ కాగితపు చుట్ట విచ్చుకుని తోకలా ఊగుతోంది. వేదిక దిగి పొమ్మని పాటగాళ్లకు దీవిలో శాన్ ఫెర్నాండో ఊరి జనం చెప్పే పద్ధతి అది. ఇవాళ పొమ్మంటున్నది జెల్మా పపొనెట్‌ను.

ఆమె వెనక కోరస్ మైకు దగ్గర నిలబడి ఉంది వెర్లిన్. మొదటి చరణం కూడా పూర్తి కాలేదు.

"మట్టివాసన పడదన్నావుగా మహారాణీ, మా మట్టిమీద నిలబడ్డావేం?" ముందు వరసలో పెలావు అన్నం గిన్నె ఒళ్లో పెట్టుకున్న లావాటి ఆవిడ కేకేసింది.

"చెప్పులు దులుపుకుని విమానం ఎక్కమను," వెనక నుంచి ఎవడో అందుకున్నాడు.

పొద్దున రేడియోలో దీవి అంతా విన్నది జెల్మా గొంతే. 'ఆ మట్టివాసన నాకొద్దు. కలిప్సోతో నాకేం పని?' కలిప్సో అంటే దీవి ప్రాణంగా పాడుకునే పాట. దాని మీద ఒక్క ముక్క. దాన్నే గంటగంటకూ తిప్పి తిప్పి వేశారు.

మోరుగా పల్లెలో ఎండబెట్టిన కోకో గింజల్ని కాళ్లతో తొక్కుతూ పాడిన పిల్ల జెల్మా. ఆ గొంతుకు లండన్ లేచి నిలబడింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో మంచు కురుస్తుంటే, ఆమె భాషలో ఒక్క ముక్క రాని వేలమంది కోట్లు విప్పి పారేసి పల్లవి అందుకోవడం వెర్లిన్ కళ్లారా చూసింది. ఏళ్ల తరబడి పక్కనే పాడుతున్నా, ఆ గొంతు పైకి లేచిన ప్రతిసారీ వెర్లిన్ ఒళ్లు జలదరిస్తూనే ఉంది. ఎంత పెద్ద హాలు ఊగినా, బయటికి రాగానే జెల్మా ఒకటే మాట అనేది. "ఇదంతా రిహార్సలేనే. స్కినర్ పార్కు ఒప్పుకుంటేనే నేను పాటగత్తెను."

ఆ పార్కే ఇప్పుడు తరిమేస్తోంది. ఇక్కడ ఒకసారి కాగితాలు చూసి దిగిపోయినవాళ్లను కచేరీలు నడిపే ఏ కలిప్సో టెంటూ మళ్లీ పిలవదు.

వెర్లిన్ ముందుకొచ్చి ఆమె చెవిలో అంది. "అది లండన్‌లో నువ్వు టేపులో చెప్పిన మాటే. నేను పక్కనే ఉన్నాను. రికార్డు కంపెనీవాడు నిన్ను అలా అనమన్నాడని వాడి గొంతు అనుకరించావు, నవ్వుకున్నాం. ముందూ వెనకా కోసేశారు. ఆ టేపు ఎవరికి పంపావే?"

ఉత్తరాలకు బదులు ఇంటికి గొంతు టేపు చేసి పంపడం జెల్మా అలవాటు. ఆమె చూపు తెర పక్కకు మళ్లింది. అక్కడ తెల్లసూటులో పొడుగ్గా నిలబడ్డాడు మైటీ ల్యాంప్‌పోస్ట్. అది ఆయన వేదిక పేరు. కలిప్సో టెంటుకు పెద్ద. జెల్మాకు పాట నేర్పినవాడు. చూపు మందగించి ఉత్తరాలు చదవలేకపోతున్నాడని ఆమె టేపులు పంపేది ఆయనకే. ఏటా ఈ వేదిక మీద మొదటి పాట ఆయనదే. ఈసారి దాన్ని జెల్మాకిచ్చారు. ఆయన తల ఎత్తడం లేదు.

"దిగిపోదాం పద," అంది వెర్లిన్.

"నువ్వు పల్లవి మర్చిపోకు. పాతది," అంది జెల్మా. బ్యాండు వైపు వేలు తిప్పింది. వాళ్లకు అర్థమైంది. అప్పటికప్పుడు కట్టి పాడే పోటీ పాటల వరస, తాతలనాటిది, మొదలుపెట్టారు. జనంలో గోల కాస్త తగ్గింది. ఆ వరస వినిపిస్తే ఆ దీవిలో ఎవరైనా చెవి ఒగ్గాల్సిందే.

"కంపెనీ దొర నన్ను పిలిచి ఏమన్నాడంటే,
మట్టివాసన కడుక్కో, మంచి పేరొస్తుందంటే,
టేపులో వాడి మాట నా గొంతుతో చెప్పాను,
మిగతాది కోసిన కత్తెరను ఇప్పుడే చూశాను."

"కనికరం లేదు," ఆ పోటీ పాటలన్నిటికీ ఉండే పల్లవిని వెర్లిన్ అందుకుంది. ఆమె గొంతుతోపాటు పైమెట్లు కూడా అందుకున్నాయి.

ఆలోచించుకోవడానికి ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టలేదు జెల్మాకు. పడవలు తిరగబడే గాలికి ఎదురీదే మనిషిని చూసినట్టు చూసింది వెర్లిన్. కాగితాలు ఒక్కొక్కటే కిందికి వాలుతున్నాయి.

పెలావు ఆవిడ గిన్నె పక్కన పెట్టి లేచింది. "బాగానే కట్టావు పిల్లా. ఇంతకీ ఆ కత్తెరవాడెవడు? పేరు చెప్పు. చెప్పలేకపోతే కట్టుకథే అనుకుంటాం."

పద్ధతి అదే. నింద పాడినవాళ్లు పేరూ పాడాలి. పేరు పడ్డవాడు మైకు దగ్గరికొచ్చి పాటతోనే జవాబివ్వాలి. ఇవ్వలేకపోతే అతని నోరు ఆ రోజుతో మూతపడ్డట్టే.

జెల్మా వెర్లిన్ వైపు తిరిగింది.

"ఆయన లేకపోతే నేనెక్కడే?" అంది, మైకు చేత్తో మూసి.

"నిన్ను లేకుండా చేయబోయిందీ ఆయనేగా," అంది వెర్లిన్.

జెల్మా చెయ్యి తీసింది. ఆమె తెరవైపు తిరిగి, ఆయన నేర్పిన గొంతుతోనే ఎత్తుకుంది.

"గొంతిచ్చి పెంచావు, గుర్తుంది నాకు,
వంతు నాకిచ్చారని వగపొచ్చె నీకు,
నా మాట కత్తిరించి రేడియోకిచ్చినవాడు..."

ఆగింది. బ్యాండు కూడా ఆగింది.

"...అదుగో మైటీ ల్యాంప్‌పోస్ట్, తెర పక్కనున్నాడు."