ఘాటు రాని దిష్టి

పోర్టు క్వార్టర్స్‌లో గవర్రాజుకి మేడమీది వాటా రావడం ఒక తప్పయితే, వర్క్‌షాపులో ఖాళీ అయిన రంగు డబ్బాలు కావలసినవాళ్ళు పట్టుకుపొమ్మని ఫోర్‌మన్ అనడం రెండో తప్పు. చోడవరం పక్క పల్లెలో నాగలి పట్టిన ఇంట్లో పుట్టి, పొద్దస్తమానం క్రేన్లకి బోల్టులు బిగించే ఉద్యోగంలో పడ్డాడేమో, మనిషి చేతులు మట్టికోసం కొట్టుకుపోతూ ఉండేవి. డెబ్భై ఎనిమిదిలో వానలు మొదలవగానే పన్నెండు డబ్బాలకి అడుగున మేకుతో చిల్లులు పొడిచి, మట్టీ పశువుల ఎరువూ నింపి, వరండా పిట్టగోడ వెంట మిరప నారు నాటాడు. ఆ రోజుతో భార్య చిట్టెమ్మకి పన్నెండుమంది సవతులు వచ్చిపడ్డారు.

పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు ఒక బకెట్టు నీళ్ళు, సాయంత్రం చొక్కా విప్పకుండానే ఇంకో బకెట్టు. పోసేది ఆయన, కింద కుళాయి దగ్గర్నుంచి మెట్లెక్కి మోసేది ఈవిడ. బియ్యం కడుగు కూడా వాటికే. చెట్లు నిగనిగలాడాయి. కాయలు వేలెడేసి పొడుగున, చూడగానే భయం పుట్టేలా కాశాయి. తీరా చిట్టెమ్మ ఎనిమిది కాయలు చీల్చి పప్పులో వేసి రుచి చూస్తే కారం ఊసే లేదు. అనుమానమొచ్చి ఒకటి పచ్చిదే కొరికింది. బీరకాయ నయం.

వెనక్కి తిరిగి చూస్తే, మొగుడు అప్పటికే పీట వేసుకుని కూర్చున్నాడు. కన్నబిడ్డని మొదటిసారి ఎత్తుకున్న రోజున కూడా ఆ మొహంలో అంత సంబరం లేదు. చిట్టెమ్మకి మనసొప్పలేదు. కొట్లో కొన్న మిరపకాయలు నాలుగు గబగబా నూరి పప్పులో కలిపి వడ్డించింది.

రెండు ముద్దలకే గవర్రాజుకి ముక్కు కారింది. నడినెత్తిన చెమట పట్టింది.

"ఏటనుకున్నావే నా మిరపకాయంటే! సెవుల్లోంచి పొగలొచ్చెత్తన్నాయి సూడు!"

మర్నాటికి వర్క్‌షాపంతా ఆ కబురే. అడిగినవాళ్ళకి మాత్రం ఒక్క కాయా ఇచ్చేవాడు కాదు, పాపం తట్టుకోలేరని. చిట్టెమ్మ రెండు నెలలపాటు రెండు పూటలా దొంగతనంగా కారం నూరింది.

దసరా వెళ్ళాక గవర్రాజు తల్లి వరహాలమ్మ ఊర్నుంచి వచ్చింది. ఆ సాయంత్రమే పక్కవాటా తాయారు గిన్నె తిరిగివ్వడానికి వచ్చి డబ్బాల ముందు ఆగిపోయింది. తాయారు వాళ్ళది కాకినాడ వైపు. చిట్టెమ్మకి నొప్పులొచ్చిన రోజున మగాళ్ళిద్దరూ డ్యూటీలో ఉంటే, రిక్షా పిలిచి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, బిడ్డ కేర్‌మనేదాకా వరండాలో నిలబడి ఉన్న మనిషి ఆవిడ.

"ఎంత ముద్దుగా కాశాయండీ అన్నయ్యగారూ! కళ్ళు తిప్పుకోలేకపోతున్నానండి" అంది.

మర్నాడు గవర్రాజుకి జ్వరం తగిలింది. ముందురోజు వానలో గొడుగు మిరపచెట్లకి పట్టి తాను తడిసిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

దీపాలు పెట్టే వేళకి వరహాలమ్మ ఉప్పూ, కొడుకు పెంచి వరండాలో ఎండబెట్టిన పండుమిరపకాయలూ గుప్పిట పట్టి, అతని చుట్టూ మూడుసార్లు తిప్పి కుంపట్లో వేసింది. దిష్టి లేకపోతే మిరపకాయల ఘాటుకి ఇల్లంతా దగ్గాలి. దిష్టి ఉంటే ఘాటు రాదు. ఇది అందరూ ఎరిగిన లెక్కే. అందరూ ముక్కులు ఎగబీల్చారు. ఉప్పు చిటపటలాడింది. కాయలు బుద్ధిగా కాలి మసయ్యాయి. ఘాటు లేదు. ఇంకో గుప్పెడు తిప్పి వేసింది. అదీ అంతే.

"ఓలమ్మో! ఇంత దిష్టి నా పుట్టుకలో ఎరగను. ఎంత సెడ్డ కన్నో!" అంటూ వరహాలమ్మ గుండెలు బాదుకుంది.

గవర్రాజు దుప్పట్లోంచి చెయ్యి తీసి మీసం సర్దుకున్నాడు. "తగలదేటమ్మా మరి? అలాటి కాయలు!"

చిట్టెమ్మ నోరు తెరిచి, ఆ మీసం చూసి మళ్ళీ మూసుకుంది.

పొద్దున్నే కుళాయి దగ్గర, పదిమంది ఆడవాళ్ళ ముందు, వరహాలమ్మ తాయారుని పట్టుకుంది. "నీ కల్లు కాకులు పొడవా! నా కొడుకు సెట్లు సూసి ఓర్వలేకపోనావు. ఇంక మా గుమ్మం తొక్కకు!"

 తాయారు సగం నిండిన బకెట్టు అక్కడే వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లెక్కి తలుపేసుకుంది. ఎక్కుతూ, మెట్ల మలుపులో ఎదురుపడ్డ చిట్టెమ్మ వైపు చూసింది. ఆ చూపుకి చిట్టెమ్మ తల భూమిలోకి దిగిపోయింది. ఇటు మొగుడి పరువు, అటు ఆ మహాతల్లి కన్నీళ్ళు. ఇంక దాచుకుంటే తాను మనిషి కాదనిపించింది.

కుంపటి రాజేసి వరండాలోకి తెచ్చి అత్తనీ మొగుణ్ణీ పిలిచింది.

"ఇవి మీ అబ్బాయి కాయలు. ఎవలి సుట్టూ తిప్పనేదు. సూడండి" అంటూ గుప్పెడు నిప్పుల్లో పోసింది. ఘాటు లేదు. "ఇవి కొట్లోవి. ఇవీ తిప్పనేదు."

ఆ రెండో గుప్పెడు పడిన మరుక్షణం వరహాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గవర్రాజు పిట్టగోడ పట్టుకుని వంగిపోయాడు. కింద వాటాలవాళ్ళు దగ్గుతూ రోడ్డుమీదికి పరుగులు తీశారు. కాసేపటికి తేరుకున్న గవర్రాజు కళ్ళు తుడుచుకున్నాడు.

"మరి రెండు నెల్లుగా నాను తిన్న కారం?"

"కొట్టోడిది" అంది చిట్టెమ్మ. అని, ఏడ్చేసింది.

గవర్రాజు డబ్బాల వైపు చూస్తూ నిలబడిపోయాడు. వరహాలమ్మ మాత్రం వేలు పెట్టి ఒక డబ్బా మట్టి తడిమింది. వేలు రెండో గణుపుదాకా బురదలో దిగింది. "మిరపకి రెండు పూటలా నీల్లేట్రా? దానికి దాహం ఎయ్యాల. అప్పుడే దానికి కోపమొత్తాది. మీ అయ్య సెప్పనేదా?"

తర్వాత ముసలమ్మ కాళ్ళీడ్చుకుంటూ పక్కవాటాకి వెళ్ళి తలుపు కొట్టింది. "నా నోరు మంచిది కాదు తల్లీ. మా కాయల్లో కారం నేదు, అదంతా నా నోట్లోనే ఉన్నాది. మనసులో ఎట్టుకోక, మజ్జేన్నం మాతో తిను. రాకపోతే నాను ఈ గుమ్మంలోనే కూకుంటాను."

తాయారు ఉబ్బిన కళ్ళతో వచ్చి కూర్చుంది. గవర్రాజు చిట్టెమ్మతో, "నా కాయలే ఎయ్యి. ఇంకేటీ కలపకు" అన్నాడు. ఆవిడ అలాగే పచ్చిమిరపకాయ పచ్చడి నూరి అందరికీ వడ్డించింది. ఎవరూ ముద్ద ఎత్తలేదు. గవర్రాజు తల వంచుకుని అన్నం కెలుకుతున్నాడు.

తాయారే ముందు కలుపుకుంది. ఒక ముద్ద తిని, ఆగి, చప్పున ఊపిరి లోపలికి లాగింది.

"అబ్బబ్బబ్బ! ఏం మంటండీ అన్నయ్యగారూ! ఇది పచ్చడా, నిప్పా? కాసిని మంచినీళ్ళు ఇప్పించండి!"

గవర్రాజు తలెత్తాడు.  ఎంగిలిచెయ్యి ఎడంగా పెట్టుకుని, ఎడమచేత్తో కూజా వంచి గ్లాసు నింపి తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఉస్సు ఉస్సుమంటూ తాయారు ఆ గ్లాసు తాగింది, మళ్ళీ నింపితే అదీ తాగింది.