పుల్లయ్య బొజ్జ

పుల్లయ్య కత్తెర ఆడిస్తుంటే ముందు అతని బొజ్జ వచ్చి కూర్చున్నవాళ్ళ భుజానికి తగిలేది, ఆ తరువాతే చెయ్యి వచ్చేది. సెలూన్‌లో కొందరు ఆ బొజ్జకే తల ఆనించి కునుకు తీసేవాళ్ళు. కాళ్ళూ చేతులూ మాత్రం చీపురుపుల్లలు. పుట్టిన ఏడాదికే తల్లి పోయి, పాలకి గతిలేని ఇంట్లో ఎముకలగూడులా పెరిగినవాడికి ఆ పేరు ఇరుగుపొరుగు పెట్టారు. బొజ్జ మాత్రం అక్క పెట్టింది.

అతన్ని చంకన వేసుకుని పెంచింది ఆవిడే. అప్పటికి ఆమెకూ పాలపళ్ళు ఊడుతున్న వయసే. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని సెలూన్‌కి వస్తుంది. తమ్ముడు తింటుంటే దారిన పోయేవాళ్ళకి కనబడేలా గుమ్మంలోంచి పక్కకి జరుగుతుంది. ఆ బొజ్జ ఆమె కట్టించిన మేడ.

నిన్న డాక్టరు ఆ మేడ దింపమన్నాడు. షుగర్ వచ్చింది, తోడుగా బీపీ. తిండి సగం చెయ్యకపోతే కళ్ళూ కాళ్ళూ పోతాయన్నాడు. గొప్పవాళ్ళ జబ్బు నాకెలా వచ్చిందని పుల్లయ్య అడిగాడు. పసితనంలో పస్తులున్న ఒళ్ళు కొందరిలో పిసినారిదవుతుందట. తరువాత ఎంత పెట్టినా ఖర్చుచెయ్యకుండా పొట్టలో దాచుకుంటుందట. పుల్లయ్యకి అదంతా బాగానే అర్థమైంది. అక్కకి ఎలా చెప్పాలో అర్థం కాలేదు. చెబితే, నువ్వు అప్పుడు పెట్టనందుకే ఇప్పుడీ జబ్బు అన్నట్టుంటుంది. చెప్పకపోతే ముద్ద మీద ముద్ద పెడుతుంది.

అక్క వచ్చింది. పన్ను నొప్పి అన్నాడు. అన్నం మెత్తగా పిసికింది. ఇందాకే తిన్నానన్నాడు. ఇంకోసారి తింటే కడుపేమీ కోప్పడదంది. కుర్చీలో ముఖం నిండా నురగతో ఉన్న బస్సు డ్రైవరు ఇక ఆగలేకపోయాడు.

"అక్కగారూ, ఆయనకి షుగరండీ. పొద్దున్నుంచీ అందరికీ చెప్పుకుని ఏడుస్తున్నాడు. కత్తి చేతిలో పట్టుకుని ఏడుస్తుంటే మాకు భయంగా ఉంది."

పుల్లయ్య కత్తి పక్కన పెట్టి, గోడ వైపు చూస్తూ డాక్టరు మాటలన్నీ అప్పజెప్పాడు. పస్తుల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు. అక్కకి అదొక్కటే వినబడింది.

"అప్పుడేమైపోయాడురా ఆ డాక్టరు?"

"పుట్టి ఉండడక్కా. కుర్రాడు."

ఆమె నవ్వలేదు. క్యారేజీ పిడి పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. పుల్లయ్య ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. బొజ్జ వచ్చి అతని ఒళ్ళో కూర్చుంది.

"జబ్బు రావడానికైనా మనిషుండాలి కదక్కా. నువ్వు లేకపోతే నేనెక్కడుండేవాణ్ణి?"

అక్క కళ్ళు తుడుచుకుంది. క్యారేజీ మూత వెల్లకిలా పెట్టి, అందులో కాస్త అన్నం గోపురంలా పేర్చి అతని చేతికిచ్చింది. చిన్నప్పుడూ వీడికి మూతలోనే పెట్టేదాన్నని, ఉన్నది కొంచెమైనా నిండుగా కనబడితే ఏడుపు ఆపేవాడని డ్రైవరుకి చెప్పింది.

"మిగతాది నేను తింటాలే" అంది, ఎవరో బలవంతపెట్టినట్టు.

ఎవరి కంటా పడకుండా గోడ వైపు తిరిగి తింది. ఆ గోడకే అద్దం ఉన్న సంగతి మరిచిపోయింది. అక్క ఆవురావురుమంటూ తినడం పుల్లయ్య చూసింది అదే మొదటిసారి.

అతను డ్రైవరు రెండో చెంప గీస్తుండగా ఆమె గిన్నెలు కడిగి, సర్దుకుని, చెప్పకుండానే వెళ్ళిపోయింది. పౌడరు కోసం పుల్లయ్య చెయ్యి చాపాడు. డబ్బా పక్కన, తుడిచి, రేపటి అన్నానికి వెల్లకిలా పెట్టిన క్యారేజీ మూత ఉంది.