మేనేజరుకి కప్పిన శాలువా

మా శాలువాతోనే మా నోరు నొక్కారు. ఎలా నొక్కారో మీకు చెప్పాలి. మీ ఊళ్ళోనూ ఎవడో ఒకడికి శాలువా కప్పే ఉంటారు.

ఆ సాయంత్రం మేం వలస వచ్చిన పిస్కాటవే ఊరి టౌన్ హాల్లో కేబుల్ కంపెనీ ఒప్పందం మీద బహిరంగ విచారణ. పాత ఒప్పందం ప్రకారం ఒక చానెలూ ఒక చిన్న స్టూడియో ఊరి జనానివి. ఎవరైనా వచ్చి తమ గోడు చెప్పుకోవచ్చు. కొత్త ఒప్పందంలో దాన్ని ఎత్తేసి సరుకులమ్మే చానెల్ పెడతామంటోంది కంపెనీ. మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చినవాళ్ళం, కాళ్ళు పీకుతుంటే వెనక కుర్చీల్లో కూలబడ్డాం. అది ఎన్నో మీటింగో మాకే గుర్తు లేదు.

కేబుల్ కంపెనీ మేనేజరు వాదించలేదు. టీవీ తెప్పించి ఒక టేపు వేశాడు. అందులో మా తెలుగు సంఘం అధ్యక్షుడు శ్యామ్‌సుందర్ ఈ మేనేజరుకే శాలువా కప్పుతున్నాడు. ఈ కంపెనీ ఏం చేసినా మా మేలుకేనని ఇంగ్లీషులో పొగుడుతున్నాడు. మేమంతా చప్పట్లు కొడుతున్నాం. మా ఉగాది ప్రోగ్రాంలో సగం ఆ సన్మానానికే పోయింది. పెద్దమనిషి కనిపిస్తే చాలు, ఆయన భుజాలు ఖాళీగా ఉంచలేని జాతి మనది. ఒప్పందం తేల్చాల్సిన టౌన్ కౌన్సిల్ సభ్యులు ముసిముసిగా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

శశికళ లేచింది. మాతోపాటు మాత్రలు ప్యాక్ చేసే మనిషి. కిందటి చలికాలం వాళ్ళ అపార్ట్‌మెంట్లలో హీటు లేక పిల్లలు కోట్లు వేసుకునే పడుకున్నారు. ఎంత మొత్తుకున్నా ఓనరు పలకలేదు. ఆ పిల్లల్ని అలాగే తీసుకొచ్చి చానెల్లో చూపించింది. వారం తిరక్కుండా బాయిలర్ బాగుపడింది. ఇప్పుడు మళ్ళీ చలి వచ్చింది, బాయిలర్ మళ్ళీ ఆగింది. చానెల్ పోతే ఆ ఇళ్ళవైపు చూసేవాడు లేడు.

ఆ మాటే తడబడే ఇంగ్లీషులో కౌన్సిల్‌కి చెప్పింది. తర్వాత మాకేసి తిరిగి తెలుగులో అంది: "ఇంటికొచ్చిన మనిషని శాలువా కప్పినం. ఇల్లు రాసియ్యలే."

నల్లవాళ్ళ చర్చిలో పాటల బృందాన్ని నడిపే మిసెస్ డాకిన్స్ కూడా లేచి చానెల్ ఉంచమని గట్టిగానే అడిగింది. వాళ్ళ పాటలూ ఆ చానెల్లోనే వస్తాయి. కౌన్సిల్ వాళ్ళు అందరి మాటా విన్నారు. విని కంపెనీకే ఓటేశారు.

బయట కార్ల దగ్గర తర్జనభర్జన పడ్డాం. శనివారం చానెల్లో మాకు మిగిలిన చివరి ప్రోగ్రాం. అది అయ్యాక స్టూడియోలోంచి లేవకూడదని శశికళ పట్టుబట్టింది. శ్యామ్‌సుందర్ తల వంచుకుని ఉన్నాడు.

"నా గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉందమ్మా. పోలీస్ కేస్ అయితే జాబ్ కూడా పోతుంది," అన్నాడు.

"మీరు రాకుండ్రి అన్నా. మరి పిల్లలకు హీట్ రావాలె గదా," అంది శశికళ. ఆమె గొంతులో కోపం కూడా లేదు. అంత అలసిపోయి ఉంది.

శనివారం ప్రోగ్రాం టైము అయిపోయింది. మేనేజరు లేవమన్నాడు. అపార్ట్‌మెంట్ల వాళ్ళూ చర్చివాళ్ళూ మేమూ నేలమీదే కూర్చున్నాం. పాత ఒప్పందం గడువు ఆ రోజంతా ఉంది కనక ప్రసారం ఆపడానికి ఆయనకి ధైర్యం చాల్లేదు. హీటు ఆపించాడు. ఓనర్లందరికీ వచ్చిన విద్య ఒకటే.

పళ్ళు టకటకలాడుతుండగా తలుపు తోసుకుని శ్యామ్‌సుందర్ వచ్చాడు. చేతుల్లో అట్టపెట్టె. ఏ ముఖ్య అతిథి ఎప్పుడొస్తాడోనని కారు డిక్కీలో దాచుకునే సంఘం శాలువాలు. ముందు శశికళకి, తర్వాత పిల్లలకి, పాటల బృందానికి వరసగా కప్పుకుంటూ పోయాడు. ఏ ప్రసంగమూ చెయ్యలేదు. ఆఖరుది మిసెస్ డాకిన్స్ ఆయన చేతిలోంచి తీసుకుని ఆయనకే కప్పింది. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఒళ్ళంతా వణుకుతోంది, చలికో భయానికో. ఆయన మీద నాకున్న కోపమంతా అక్కడే పోయింది.

పోలీసులు వచ్చి ఒక్కొక్కరినీ లేవదీశారు. కెమెరా ఆగలేదు. ఊరు చూసింది.

సోమవారం నాటికి మమ్మల్ని వదిలారు. అందరినీ కూర్చోబెట్టింది తనేనని శశికళని మాత్రం వదల్లేదు. ఆ సాయంత్రం మళ్ళీ షిఫ్టు దిగి కౌన్సిల్ మీటింగుకని టౌన్ హాలుకి వెళ్తే, మేం ఎన్నడూ చూడని మనుషులు మెట్ల నిండా ఉన్నారు. కోట్లు వేసుకున్న ఆ పిల్లలూ ఉన్నారు. ఎవరూ నినాదాలివ్వలేదు. కాళ్ళు పీకుతూనే ఉన్నాయి. లోపలికి వెళ్ళి ఈసారి ముందు కుర్చీల్లో కూర్చున్నాం.